గేటు ధర వేరు, గేటు రాబడి వేరు: ఫుట్‌బాల్ టిక్కెట్ల వ్యాపారం చెప్పే పాఠం

నిలవ ఉండని సరకు అమ్మే వర్తకునికి ఎప్పుడూ రెండు భయాలు. తక్కువకు వదిలితే లాభం పోతుంది. ఎక్కువ చెప్పి కూర్చుంటే సరకే పోతుంది. టమాటా గంప అయినా ఒకటి రెండు రోజులు ఆగుతుంది గాని, ఫుట్‌బాల్ స్టేడియంలోని సీటు అంత కూడా ఆగదు. రిఫరీ ఈల వేసి ఆట మొదలుపెట్టిన తరువాత అమ్ముడుపోని సీటు విలువ దాదాపు సున్న. దానిని గోదాములో దాచి వచ్చేవారం అమ్మడానికి వీలులేదు.

పైగా ఈ సరకు సరఫరా స్థిరం. గిరాకీ పెరిగిందని ఒక్క మ్యాచి కోసం స్టేడియం పెంచలేరు. ఖర్చులూ చాలావరకు స్థిరమే. పదివేల మంది వచ్చినా, నలభైవేల మంది వచ్చినా ఆటగాళ్ల జీతాలు మారవు. కనుక అదనంగా గేటు దాటే ప్రతి ప్రేక్షకుడు తెచ్చే సొమ్ములో అధికభాగం మిగులే. ఇటువంటి సరకుకు ధర నిర్ణయించడంలో యూరపు క్లబ్బులు పొందిన అనుభవం ఏ వర్తకునికైనా పనికివస్తుంది.

గేటు పుస్తకంలో లాభం, మొత్తం లెక్కలో నష్టం

మ్యాచి రోజు రాబడి అంటే టిక్కెట్ల సొమ్ము ఒక్కటే కాదు. తినుబండారాలు, పానీయాలు, విందు గదుల అద్దెలు కూడా అందులో చేరతాయి. ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక క్లబ్బుకు 40,000 సీట్లున్నాయి. టిక్కెట్టు 30 పౌండ్లు. స్టేడియం నిండితే గేటు రాబడి 12 లక్షల పౌండ్లు. లోపల దుకాణాలలో ఒక్కో ప్రేక్షకుని మీద ఖర్చులు పోను 5 పౌండ్లు మిగులుతాయనుకొందాం.

క్లబ్బు ధరను 36 పౌండ్లకు పెంచింది. ప్రేక్షకులు 34,000కు తగ్గారు. గేటు రాబడి 12 లక్షల 24 వేలు. అనగా 24,000 పౌండ్లు పెరిగింది. గేటు పుస్తకం మాత్రమే చూసేవారికి ధర పెంచడం మంచి పనే అనిపిస్తుంది. కాని రాని 6,000 మంది వల్ల దుకాణాలలో 30,000 పౌండ్ల మిగులు పోయింది. వెరసి 6,000 పౌండ్ల నష్టం. టెలివిజన్‌లో కనిపించే 6,000 ఖాళీ సీట్ల నష్టం ఈ లెక్కలోకి రాలేదు.

ధర పెంచితే గిరాకీ అంతగా తగ్గకపోవడాన్ని ఆర్థిక శాస్త్రంలో అవ్యాకోచ డిమాండు అంటారు. ఇటువంటి స్థితిలో ధర పెంచేకొద్దీ గేటు సొమ్ము పెరుగుతుంది. క్లబ్బులు తరచు ఈ స్థితిలోనే ఉండి కూడా అంతవరకు ధర పెంచడం లేదని క్రీడా ఆర్థికవేత్తలు పలుమార్లు గమనించారు. అందుకు వారు చెప్పే ముఖ్య కారణాలలో పైన చూసిన దుకాణాల రాబడి ఒకటి. ఈనాటి ప్రేక్షకుడు రేపటి ఖాతాదారు అన్నది మరొకటి.

తరగతి వారీ ధర

సరకును తరగతులుగా విడదీసి అమ్మితే రాబడి ఎంత మారుతుందో లండన్‌కు చెందిన ఆర్సెనల్ క్లబ్బు చూపింది. 2006లో ఆ క్లబ్బు సుమారు 38 వేల సీట్లున్న హైబరీని వదిలి, 60 వేలకు పైగా సీట్లున్న ఎమిరేట్స్ స్టేడియానికి మారింది. సీట్లు సగానికి కొంచెం పైగా పెరిగాయి. మ్యాచి రోజుల రాబడి మాత్రం 2005-06లో ఉన్న సుమారు 4 కోట్ల 40 లక్షల పౌండ్ల నుంచి మరుసటి సీజనులో సుమారు 9 కోట్లకు, అనగా రెండింతలకు పెరిగింది.

సీట్ల సంఖ్యతో మాత్రమే ఇంత పెరుగుదల రాదు. విందు సౌకర్యాలున్న మధ్య అంతస్తు, ప్రత్యేక గదులు అధిక ధరకు అమ్ముడుపోవడం ఇందుకు ముఖ్య కారణం. హెచ్చు ధర ఇవ్వగలవారికి మేలు తరగతి చూపించి అమ్మారే గాని, ఒకే ధరను అందరి నెత్తిన రుద్దలేదు. ప్రత్యర్థి జట్టును బట్టి మ్యాచిలను కూడా తరగతులు చేయడం ఇంగ్లండులో వాడుకలో ఉన్న పద్ధతే.

ముందస్తు బేరం

సీజను టిక్కెట్టు నిజానికి ముందస్తు అమ్మకమే. ఆటలు మొదలు కాకముందే క్లబ్బుకు రొక్కం చేతికి వస్తుంది. వాన వచ్చినా, జట్టు వరుసగా ఓడినా ఆ నష్టభయం కొన్నవానిదే. అందుకు బదులుగా అతనికి ధరలో తగ్గింపు లభిస్తుంది.

ఈ తగ్గింపును బ్రాడ్‌ఫర్డ్ సిటీ క్లబ్బు చాలా దూరం తీసుకుపోయింది. మూడో శ్రేణి లీగులో ఆడుతుండగా 2015-16 సీజనుకు పెద్దల టిక్కెట్టు 149 పౌండ్లకే పెట్టింది. సొంత మైదానంలో జరిగే 23 లీగు మ్యాచిలకు పంచితే, మ్యాచికి ఆరున్నర పౌండ్లు. సుమారు 25 వేలు పట్టే స్టేడియానికి సుమారు 18 వేల సీజను టిక్కెట్లు అమ్ముడుపోయాయి. టెలివిజన్ సొమ్ము స్వల్పంగా వచ్చే శ్రేణిలో గేటే ప్రధానమైన ఆధారం. సగం ఖాళీగా ఉండవలసిన సరకును తక్కువ ధరకైనా ముందే చెల్లించుకోవడం అక్కడ తెలివైన బేరం.

77వ నిమిషం

ఇంగ్లండు ప్రీమియర్ లీగులో పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ క్లబ్బుల మొత్తం ఆదాయంలో మ్యాచి రోజు రాబడి సుమారు ఏడో వంతు మాత్రమే; టెలివిజన్ వాటా దాదాపు సగం లేక అంతకు మించి. సీట్లు నూటికి 95కు పైగా నిండుతాయి. గిరాకీకి లోటు లేదు గనుక ధర ఎంత పెంచినా చెల్లుతుందని అనిపించడం సహజం.

2016 ఫిబ్రవరి ఆరంభంలో లివర్‌పూల్ క్లబ్బు, కొత్తగా కడుతున్న మెయిన్ స్టాండులో గరిష్ఠ ధరను 59 పౌండ్ల నుంచి 77 పౌండ్లకు పెంచుతున్నట్లు ప్రకటించింది. ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచి జరుగుతుండగా, సరిగ్గా 77వ నిమిషాన సుమారు పదివేల మంది లేచి బయటకు నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉన్నది. ఆట ముగిసేసరికి 2-2.

వారు కొనడం మానినవారు కారు. టిక్కెట్టు కొని, లోపలికి వచ్చి, తమ సీటు ఖాళీ అయితే ఎలా ఉంటుందో యజమానులకు చూపినవారు. నాలుగు రోజులలో యాజమాన్యం క్షమాపణ చెప్పి, గరిష్ఠ ధరను 59 పౌండ్లకే నిలిపి, రెండు సీజన్లపాటు పెంచబోమని ప్రకటించింది. తరువాతి నెలలో ప్రీమియర్ లీగు క్లబ్బులన్నీ కలిసి, బయటి ఊరి నుంచి వచ్చే జట్టు అభిమానులకు టిక్కెట్టు 30 పౌండ్లు మించరాదని నిర్ణయించాయి. 2016-17 నుంచి అమలైన ఈ పరిమితిని తరువాత పొడిగించారు.

ఆ 2016-17 నుంచే మూడు సీజన్ల దేశీయ టెలివిజన్ హక్కులు 513 కోట్ల పౌండ్లకు పైగా పలికాయి. టెలివిజన్ కంపెనీ కొనేది ఆటను మాత్రమే కాదు. నిండిన స్టేడియాన్ని, ఆ హోరును కూడా. కనుక సీటులోని ప్రేక్షకుడు కొనుగోలుదారే కాక, మరొకరికి అమ్మే సరకులో భాగం కూడా. అతనివద్ద అదనంగా రాబట్టే 18 పౌండ్లను ఈ పెద్ద లెక్కతో కలిపి తూచాలి.

జర్మనీలో ఈ లెక్కను ముందునుంచీ గుర్తించారు. డార్ట్‌మండ్ స్టేడియం దక్షిణ స్టాండులో సుమారు 25 వేల మంది చౌక టిక్కెట్లతో నిలబడి చూస్తారు. బేయర్న్ మ్యూనిక్ క్లబ్బు నిలుచునే చోటుకు సీజను టిక్కెట్టును 2010 దశకంలో 150 యూరోలకు లోపే ఉంచింది. కొన్ని మినహాయింపులు పోను, క్లబ్బు ఓట్లలో ఆధిక్యం సభ్యులదే కావాలన్న నిబంధన అక్కడ ఉన్నది. ధర కట్టేవారికి ధర నిర్ణయంలో కూడా మాట ఉంటుంది.

పూటకొక ధర

గిరాకీని బట్టి ధరను ఎప్పటికప్పుడు మార్చే పద్ధతి ఇటీవల ఫుట్‌బాల్‌కు కూడా వచ్చింది. 2025 జూలై 8న అమెరికాలోని న్యూజెర్సీలో చెల్సీ, ఫ్లుమినెన్స్ జట్ల మధ్య క్లబ్ ప్రపంచ కప్పు సెమీఫైనల్ జరిగింది. 473 డాలర్ల 90 సెంట్లు ఉన్న సాధారణ టిక్కెట్టు, కొద్ది రోజుల ముందు 13 డాలర్ల 40 సెంట్లకు పడిపోయింది. పాడయ్యే సరకును చివరిదాకా పట్టుకొన్న వర్తకుడు సంత ముగిసేవేళ ఏ ధరకైనా తెగనమ్ముకోవడం కొత్త కాదు. కాని ముందుగా హెచ్చు ధర పెట్టి కొన్న ఖాతాదారు ఈ రెండు ధరలూ చూస్తాడు. మరుసటిసారి అతడు ముందు కొనడు. ధర పడేదాకా ఆగుతాడు. ముందస్తు బేరం మీద నమ్మకం పోతే, సీజను టిక్కెట్టు వంటి ఏర్పాటుకే పునాది కదులుతుంది.

మొత్తం మీద ఈ క్లబ్బుల అనుభవం ఒకే దిక్కు చూపుతున్నది. హెచ్చు ధర ఇవ్వగలవానికి మేలు తరగతి అమ్మవచ్చు. నిండని చోట ధర తగ్గించి ముందే అమ్ముకోవచ్చు. కాని వేరొక దుకాణానికి పోలేని పాత ఖాతాదారుపై, పోలేడు గదా అని భారం మోపితే, ఆ సొమ్ము ఒక పుస్తకంలో జమపడి మరొక పుస్తకంలో ఖర్చు పడుతుంది. లివర్‌పూల్ యజమానులకు ఆ రెండో పుస్తకం 77వ నిమిషాన కనిపించింది.