గ్రేట్ నాట్ దిగే బురద

పక్షుల వలస గురించి పరీక్షకు చదివినప్పుడు నాలుగు వాక్యాలు కంఠస్థం చేసి ఊరుకున్నాను. తర్వాత గ్రేట్ నాట్ అనే పక్షి సంగతి చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను. కారణం పక్షి ఒక్కటే కాదు, ఆ కథలో వ్యవసాయం కూడా ఉంది. నేను రైతు బిడ్డను.

ముందు పక్షి సంగతి చెబుతాను. మన చెరువు గట్ల మీద తోక ఆడిస్తూ తిరిగే ఉల్లంకి పిట్టల కుటుంబానికి చెందినదే గ్రేట్ నాట్. ముక్కు నుంచి తోక దాకా జానెడు దాటుతుంది. ఈశాన్య సైబీరియా కొండల మీద నాలుగు గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చాక తల్లి ముందే వెళ్ళిపోతుంది, పెంపకం తండ్రి వంతు. (మా హాస్టల్లో ఈ మాట ఎవ్వరూ నమ్మలేదు.) అక్కడ చలి ముదిరేలోగా ఇవి దక్షిణానికి బయలుదేరతాయి. ఎక్కువ భాగం వాయవ్య ఆస్ట్రేలియాలోని రోబక్ బే, ఎయిటీ మైల్ బీచ్ తీరాలకు చేరతాయి.

మార్చి చివర్లో తిరుగు ప్రయాణం. చైనా తీరం దాకా సుమారు 5,400 కిలోమీటర్లు, ఆగకుండా నాలుగైదు రోజులు. ఇది బాతు కాదు, సముద్రం మీద వాలి సేద తీరడానికి. తిండి లేదు, నీళ్ళు లేవు. ఒంట్లో పట్టించుకున్న కొవ్వే ఆధారం.

ఆ కొవ్వు కూడా చాలదని శాస్త్రజ్ఞులు గమనించారు. ఆస్ట్రేలియాలో బయలుదేరబోయే పక్షుల్నీ, చైనాలో అప్పుడే దిగిన పక్షుల్నీ పోల్చి చూసిన పరిశోధన 2000లో వెలువడింది. దారిలో కండరాలూ, కాలేయమూ, పేగులూ అన్నీ తగ్గిపోయాయి. చెప్పుకోదగ్గ తగ్గుదల లేనివి మెదడు, ఊపిరితిత్తులు మాత్రమే. కరువు ఏడు గింజలు అయిపోయాక విత్తనాల గంపకు చెయ్యి వేసి, అదీ అయ్యాక ఎద్దుల్ని తోలుకెళ్ళి అమ్ముకుంటాం చూడండి, అలా అన్నమాట. ఎద్దుల్ని అమ్ముకున్నవాడికి వాన పడగానే సేద్యం సాగదు. ఈ పిట్టకూ దిగగానే తిండి దొరికితే చాలదు. ముందు అరిగించుకునే సరంజామా మళ్ళీ పెంచుకోవాలి, తర్వాత సైబీరియా దాకా ఎగరడానికి కొవ్వు పట్టాలి. అందుకు నెలకు పైగా పడుతుంది.

ఆ నెల గడిచేది చైనా, కొరియాల మధ్యనున్న ఎల్లో సీ ఒడ్డున. పాటు సమయంలో అక్కడ కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడుతుంది. అందులోని చిన్న చిన్న గుల్లల్ని పెంకుతో సహా మింగి, కందనకాయలో నూరుకుంటుంది ఈ పక్షి. చూసేవాడికి అది వట్టి బురద.

అలా వట్టి బురదే అనుకున్నారు దక్షిణ కొరియాలో. సేమాంగమ్ అనే చోట రెండు నదులు సముద్రంలో కలుస్తాయి. 1991లో అక్కడ సుమారు 33 కిలోమీటర్ల గోడకు పని మొదలుపెట్టారు. సముద్రాన్ని ఆపి, 400 చదరపు కిలోమీటర్ల మేర లోపల వేసుకోవడం పథకం. దేనికంటే, ప్రధానంగా వరి పొలాలకు.

దాచడమెందుకు, ఇక్కడికొచ్చేసరికి నేను గోడ పక్షానే ఉన్నాను. మా తాత ఎకరంన్నర చౌడు నేలను బాగుచేశాడు. జీలుగ చల్లి, కలియదున్ని, నీళ్ళు పెట్టి తీసి, ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తే ఆ చెక్కలో వరి పండింది. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాట గొప్పగా చెప్పుకుంటాం. పనికిరాని నేలను పొలం చేసినవాడిని తప్పు పట్టడం మాకు చేతకాదు. కాని తాత చౌడును ఆశ్రయించుకుని ఎవరూ బతకలేదు. సేమాంగమ్ బురదలో చేత్తో గుల్లలు ఏరి అమ్ముకునే ఆడవాళ్ళు ఉన్నారు, మత్స్యకారులు ఉన్నారు. 2003లో బౌద్ధ భిక్షువు, క్రైస్తవ గురువులు కలిసి మూడడుగులకొక సాష్టాంగం చేస్తూ అక్కడినుంచి సియోల్ దాకా రెండు నెలలకు పైగా నడిచారు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు పథకానికే అనుకూలంగా తీర్పిచ్చింది. ఏప్రిల్‌లో గోడ మూసుకుంది.

ఆటుపోట్లు తగ్గాయి, బురద ఎండింది, గుల్లలు కుప్పలుగా చచ్చాయి. 2006 నుంచి 2008 దాకా కొరియా, ఆస్ట్రేలియా పక్షి పరిశీలకులు కలిసి లెక్క కట్టారు. అక్కడ దిగే గ్రేట్ నాట్‌లు పదుల వేలలో తగ్గిపోయాయి. పక్క తీరాలకు పోయి ఉంటాయిలే అన్నవాళ్ళున్నారు. చుట్టుపక్కల అంత పెరుగుదల కనపడలేదు, పైగా ఆస్ట్రేలియాలోనూ సంఖ్య పడిపోయింది. గోడ ఇదొక్కటే కాదు. 1980ల నుంచి 2000ల చివరికి ఎల్లో సీ చుట్టూ నాలుగోవంతుకు పైగా బురద తీరం పోయింది. 2015లో గ్రేట్ నాట్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

ఆ తర్వాత కొంత మేలు జరిగింది. 2018లో చైనా ప్రభుత్వం తీరాన్ని పూడ్చే పనులకు గట్టిగా కళ్ళెం వేసింది. ఎల్లో సీ తీరంలో కొంత భాగం 2019లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, కొరియా బురద తీరాలు 2021లో ఎక్కాయి. 2024లో మన ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే యాలూ నది ముఖద్వారం కూడా చేరింది. గ్రేట్ నాట్‌లకు అది పెద్ద మజిలీ. అయితే జాబితా కడుపు నింపదు. యాలూ దగ్గరే 2010 తర్వాతి సంవత్సరాల్లో గుల్లలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. పొలం గట్టు ఉన్నంత మాత్రాన పంట ఉన్నట్టు కాదుగా.

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. పిట్ట గురించి ఆయన ఏమీ అనలేదు.

"అంత నేల తేలింది కదా, వరి ఎన్ని పుట్లయింది?" అన్నాడు.

తర్వాత ప్రణాళికలు మార్చి సాగుకు మూడోవంతు లోపే ఉంచారనీ, మిగతాది పరిశ్రమలకూ వాటికీ అన్నారనీ చెప్పాను. 2023 ఆగస్టులో అక్కడ ప్రపంచ స్కౌట్ల జాంబొరీ పెడితే, నీళ్ళు నిలిచిన నేలలో, ఎండలో పిల్లలు నానా అవస్థా పడ్డారనీ, చివరికి తుఫాను వస్తుందని అందర్నీ అక్కణ్ణుంచి తరలించారనీ చెప్పాను.

"నీళ్ళు నిలిచే నేలలో డేరాలేంట్రా" అని నవ్వి, కాసేపాగి అడిగాడు: "మరి ఆ గుల్లలు ఏరుకునేవాళ్ళకి?"

"నష్టపరిహారం ఇచ్చారు నాన్నా."

"ఏటేటానా, ఒక్కసారేనా?"

"ఒక్కసారే" అన్నాను.