ట్యాగు మూయకపోతే హెచ్చరిక ఆగిపోతుంది: ఎక్స్‌ఎంఎల్ పత్రం రాసే నియమాలు

తుఫాను తీరం వైపు కదులుతున్నప్పుడు అదే హెచ్చరిక సెల్‌ఫోన్లకు, టీవీ తెరలకు, వెబ్‌సైట్లకు, అధికారుల కంప్యూటర్లకు చేరాలి. ఈ పరికరాలేవీ మనలా వాక్యం చదివి అర్థం చేసుకోలేవు. ప్రమాదం ఏమిటి, ఎక్కడ, ఎంత తీవ్రం అన్న సంగతులను విడివిడిగా, గుర్తులు పెట్టి అందించాలి. అందుకోసం ప్రపంచమంతటా వాడుతున్న పద్ధతి కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కోసం సీ-డాట్ రూపొందించిన ‘సచేత్’ వ్యవస్థకు ఆధారం ఇదే. 2010లో వచ్చిన దీని 1.2 వెర్షన్ ప్రకారం హెచ్చరికను ఎక్స్‌ఎంఎల్ పత్రంగా రాస్తారు.

ఎక్స్‌ఎంఎల్ అంటే ఎక్స్‌టెన్సిబుల్ మార్కప్ లాంగ్వేజ్. 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీన్ని ప్రమాణంగా విడుదల చేసింది. ఇది ప్రోగ్రామింగ్ భాష కాదు. సమాచారంలోని ఏ ముక్క ఏమిటో పేరు పెట్టి చెప్పే పద్ధతి మాత్రమే. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగుల పేర్లు ముందే నిర్ణయమై ఉంటాయి. ఎక్స్‌ఎంఎల్‌లో మన అవసరానికి తగిన పేర్లు మనమే పెట్టుకోవచ్చు.

ఒక చిన్న నమూనా

అసలు ప్రోటోకాల్‌లో ట్యాగుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. అయితే ఎక్స్‌ఎంఎల్ యూనికోడ్‌పై ఆధారపడింది కాబట్టి తెలుగు పేర్లనూ అంగీకరిస్తుంది. అందుకే పాఠం కోసం కల్పించిన ఈ హెచ్చరికను తెలుగులోనే చూద్దాం.

<హెచ్చరిక స్థితి="నమూనా">
  <సమాచారం భాష="తెలుగు">
    <ఘటన>తుఫాను</ఘటన>
    <తీవ్రత>తీవ్రం</తీవ్రత>
    <ప్రాంతం>కృష్ణా జిల్లా తీరం</ప్రాంతం>
    <సూచన>మత్స్యకారులు వేటకు వెళ్లవద్దు.</సూచన>
  </సమాచారం>
</హెచ్చరిక>

కోణపు గుర్తుల మధ్య ఉన్నది ట్యాగు. ప్రారంభ ట్యాగు, ముగింపు ట్యాగు, వాటి మధ్యనున్న విషయం కలిస్తే ఒక ఎలిమెంట్. ప్రారంభ ట్యాగులోనే అదనపు వివరం చెప్పే ‘భాష’, ‘స్థితి’ వంటివి ఆట్రిబ్యూట్లు. ఇదే హెచ్చరికను హిందీలోనూ ఇవ్వాలంటే రెండో ‘సమాచారం’ ఎలిమెంట్‌ను దీని కిందే చేర్చవచ్చు.

ఆరు ప్రాథమిక నియమాలు

1. పత్రం మొత్తానికి ఒకే ఒక్క మూల ఎలిమెంట్ ఉండాలి. పై నమూనాలో అది ‘హెచ్చరిక’. మిగిలినవన్నీ దాని లోపలే ఉండాలి.

2. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. ముగింపు ట్యాగులో పేరుకు ముందు ఏటవాలు గీత వస్తుంది. లోపల ఏమీ లేని ఎలిమెంట్‌ను <చిత్రం/> అని ఒకే ట్యాగుతో ముగించవచ్చు.

3. చివర తెరిచినదాన్ని ముందు మూయాలి. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె పెడితే, చిన్నదాని మూత వేశాకే పెద్దదాని మూత వేస్తాం. ‘ప్రాంతం’ మూయకుండా ‘సమాచారం’ మూస్తే తప్పే.

4. పేర్లలో ఖాళీ ఉండకూడదు. పేరు అంకెతో గానీ, చుక్కతో గానీ, అడ్డగీతతో గానీ మొదలు కాకూడదు. రెండు మాటలు కలపాలంటే <గాలి_వేగం> అని కింది గీత వాడవచ్చు. ఇంగ్లీషు పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరుగా లెక్కకు వస్తాయి.

5. ఆట్రిబ్యూట్ విలువ తప్పనిసరిగా కొటేషన్ గుర్తుల మధ్య ఉండాలి. ఒకే ట్యాగులో ఒకే ఆట్రిబ్యూట్‌ను రెండుసార్లు రాయకూడదు.

6. విషయంలో < గుర్తును, & గుర్తును నేరుగా రాయకూడదు. మొదటిది ట్యాగు మొదలైందని, రెండోది సంకేతం మొదలైందని కంప్యూటర్ అనుకుంటుంది. వాటికి బదులు వరుసగా &#60; అని, &#38; అని రాయాలి. ‘తుఫాను & వరద’ అని కనిపించాలంటే పత్రంలో ‘తుఫాను &#38; వరద’ అని ఉండాలి.

సాధారణంగా పత్రం మొదటి వరుసలో ఎక్స్‌ఎంఎల్ వెర్షన్‌ను, అక్షరాల ఎన్‌కోడింగ్‌ను తెలిపే ప్రకటన ఉంటుంది. దానిలోని కీలక పదాలను మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే రాయాలి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరిస్తే తెలుగు అక్షరాలతో ఇబ్బంది ఉండదు.

తెలుగులో కంటికి కనిపించని చిక్కు

తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి ఒక అదృశ్య అక్షరం వాడతాం. ప్రారంభ ట్యాగులో ‘అలర్ట్’ అనే పేరు చివర ఆ అక్షరం పడి, ముగింపు ట్యాగులో పడకపోతే మనకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు పేర్లు. అన్నీ సరిగ్గానే ఉన్నా తప్పు చూపిస్తోందంటే, ఆ పేరును చెరిపి మళ్లీ టైప్ చేసి చూడండి. ఒకచోట రాసి రెండోచోటికి కాపీ చేసుకోవడం ఇంకా మేలు.

ఇంత కఠినం ఎందుకు?

వెబ్ పేజీలో ఒక ట్యాగు మూయడం మరచినా బ్రౌజర్ ఏదో ఊహించి పేజీని చూపిస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో అలా కుదరదు. పై నియమాల్లో ఏది తప్పినా, పత్రాన్ని చదివే ప్రోగ్రామ్ తప్పును తెలియజేసి, మామూలు పనిని అక్కడితో ఆపేయాలన్నది ప్రమాణంలోనే ఉంది. చిన్న పొరపాటుకు ఇంత శిక్షా అనిపించవచ్చు. కానీ ‘ప్రాంతం’ మూయలేదనుకోండి. ప్రాంతం పేరు ఎక్కడ ముగిసింది, సూచన ఎక్కడ మొదలైంది? ఒక ప్రోగ్రామ్ ఒకలా, ఇంకొకటి మరోలా ఊహిస్తే ఒకే హెచ్చరిక రెండు రకాలుగా చేరుతుంది. ఆపదలో అలాంటి ఊహ కన్నా, తప్పు ఉందని పంపేవారికి వెంటనే తెలియడమే మంచిది. దిద్ది మళ్లీ పంపవచ్చు.

రూపం సరైనంత మాత్రాన సరిపోదు

ఈ నియమాలన్నీ పాటించిన పత్రాన్ని సువ్యవస్థిత పత్రం అంటారు. ఇది మొదటి మెట్టు మాత్రమే. ఏ ఎలిమెంట్లు తప్పనిసరి, వాటిలో ఏ విలువలు రావచ్చు అన్నది స్కీమా అనే మరో పత్రం చెబుతుంది. ఉదాహరణకు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్‌లో తీవ్రతకు ఐదే విలువలు ఉన్నాయి: అతి తీవ్రం, తీవ్రం, మధ్యస్థం, స్వల్పం, తెలియదు. అక్కడ ‘చాలా ఎక్కువ’ అని రాస్తే ట్యాగులన్నీ సరిగ్గా ఉన్నా పత్రం చెల్లదు. స్కీమాకు కూడా సరిపోయినదే చెల్లుబాటయ్యే పత్రం.

మూడో మెట్టు మాత్రం మనిషిదే. కృష్ణా జిల్లాకు బదులు పొరపాటున మరో జిల్లా పేరు రాస్తే ట్యాగు తప్పు కాదు, స్కీమా తప్పు కాదు, కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. కానీ పడవ ఒడ్డుకు లాగాల్సినవారికి కబురు అందదు. కాబట్టి పత్రం రాశాక ముందు నియమాలు సరిచూడండి, తర్వాత స్కీమాతో పోల్చండి, చివరిగా అందులో ఉన్న మాట నిజమో కాదో మీరే ఒకసారి చదవండి.