పిడుగు పడిన తావును గుర్తించుటకు గ్రాహకముల నేర్పరచుకొను విధము

వానకాలమున పొలమున నుండు కర్షకునకు పిడుగువలని భయము మిక్కుటము. మన దేశమున ఏటా 2,000కు మించిన ప్రాణములు దానివలన పోవుచున్నవి. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారి 'దామిని' వంటి సాధనములు సెల్‌ఫోను ద్వారా పిడుగుల తావులను దెలుపుచున్నవి. ఆ తావును కనుగొనుటకు ఎట్టి గ్రాహకములను, అనగా సెన్సార్లను, ఎన్నుకొనవలయునో ఈ పాఠమున వివరింతుము.

మెఱుపు మెఱసినపుడు రేడియో తరంగములు పుట్టి సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్ల వేగమున నలుదెసలకు వ్యాపించును. ప్రతి గ్రాహకమును తరంగము తన్ను జేరిన క్షణమును గుర్తించును. రెండు గ్రాహకముల కాలభేదమునుబట్టి పిడుగు ఒకానొక వంకరగీతపై నున్నదని తేలును. మూడవదానివలన మఱియొక గీత లభించును. ఆ గీతలు కలిసికొన్నచోటే మనకు గావలసిన తావు. కాలమున సెకనులో పదిలక్షలవ వంతు తేడా వచ్చినను దూరమున 300 మీటర్ల తేడా రావచ్చును.

అయినచో మూడు గ్రాహకము లెచ్చట నున్నను చాలునా? చాలదు. విజయవాడ, ఏలూరు, రాజమహేంద్రవరములలో ఒక్కొక్క గ్రాహకము గలదనుకొందము. ఈ మూడు పట్టణములును ఇంచుమించు ఒకే వరుసలో నున్నవి. ఆ వరుసకు ఉత్తరమున నూజివీడు, దక్షిణమున గుడివాడ దాదాపు సమదూరమున నున్నవి. కావున పిడుగు నూజివీడు ప్రాంతమున బడెనో, గుడివాడ ప్రాంతమున బడెనో ఆ మూడింటివలన స్పష్టముగా దేలదు. కొవ్వూరున నాల్గవదానిని జేర్చినను ప్రయోజనము స్వల్పమే. అదియు ఆ వరుసలోనిదే గదా. ఏలూరిదానిని విడిచి, ఖమ్మమున నొకటి, మచిలీపట్టణమున నొకటి గైకొన్నచో పిడుగు నాలుగింటి నడుమ జిక్కును, సందేహము దీరును. కావున సంఖ్యకంటె అమరిక ప్రధానము.

రెండవ నియమము: విద్యుద్యంత్రముల అలజడిచే సంకేతమును స్పష్టముగా గ్రహింపని గ్రాహకమును నమ్మరాదు. తావును గణించిన పిమ్మట తరంగము ఒక్కొక్క గ్రాహకమును ఎప్పుడు చేరవలసియుండెనో తిరిగి లెక్కింపవలయును. లెక్కతో పొసగనిదానిని తొలగింపవలయును. ఇట్టి పరీక్షకు కనీసము నాలుగు గ్రాహకములు గావలయును. మూడే యున్నచో తప్పు బయటపడదు.

దీనినుండి సముద్రతీరపు కర్షకులు గ్రహింపదగిన విషయ మొకటి గలదు. సముద్రముపై గ్రాహకములను నిలుపుట కష్టము. కావున తీరమునందలి గ్రాహకములు మాత్రమే విన్న పిడుగు వాని నడుమ జిక్కదు. దాని దూరము సరిగా దేలదు. తూర్పున మబ్బు లేచినపుడు ఫోను హెచ్చరికకై వేచియుండరాదు. మెఱుపునకు ఉఱుమునకు నడుమ 30 సెకనులు మించనియెడల పిడుగు సుమారు 10 కిలోమీటర్లలోపల నున్నదని యెఱిగి, చెట్లక్రిందికి బోక, వెంటనే పక్కా యింటిలోనికి జేరవలయును. కడపటి ఉఱుము వినబడిన 30 నిమిషములవఱకు మరల పొలమునకు బోరాదు.