రోటవేటరు బేరింగులు: కందెన పెట్టు విధము

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన పెద్దలు చెప్పిరి. ఎద్దుబండి యిరుసున ఆముదపు కందెన యెండిన యెడల బండియే కీచుమని యజమానిని హెచ్చరించెడిది. నేడు బాలాపూరు, ఇబ్రహీంపట్నము ప్రాంతపు చేలలో దుక్కిపని చాలవఱకు ట్రాక్టరు రోటవేటరులచే జరుగుచున్నది. దీని బేరింగు యెండినను ఇంజను మ్రోతలో దాని మొఱ వినబడదు. వినబడునప్పటికి అది చెడియే యుండును. కావున చెవిని నమ్మక, వేళ తప్పక కందెన పెట్టవలెనని మేము సభ్యులకు మనవి చేయుచున్నాము.

ఆస్ట్రేలియా దేశమున ఆర్థరు క్లిఫర్డు హోవర్డు అను రైతుకుమారుడు 1912 వ సంవత్సరమున ఆరంభించిన ప్రయోగములనుండి పుట్టిన యీ యంత్రము, తిరుగు కత్తులతో మట్టిని కొట్టి పొడిచేయును. ట్రాక్టరు పీటీవో దండము నిమిషమునకు 540 చుట్లు తిరుగగా, పండ్లచక్రములచే ఆ వేగము తగ్గి కత్తుల దండమునకు చేరును. ఆ దండపు కొనలయందలి బేరింగులు మట్టిలోనే పనిచేయవలసి యుండును.

బేరింగు చెడు కారణములు

మొదటిది దారము. గరిక, పురికొస, ప్లాస్టిక్ సంచుల పోగులు దండపు కొనకు చుట్టుకొని ఆయిలుసీలును కోసివేయును. సీలు తెగినచో చెల్కనేల యిసుక లోనికి జొచ్చి, ఉక్కుగుండ్లను ఆకురాయివలె అరుగదీయును. రెండవది నీరు. పనివేడిమిచే కాగిన బేరింగు చన్నీటిలో హఠాత్తుగా చల్లారునెడల లోపలి గాలి ముడుచుకొని బయటి నీటిని లోనికి పీల్చుకొనును. కావున వేడిగానున్న యంత్రమును వెంటనే కడుగరాదు. సీళ్లపై నీటిధారను గట్టిగా కొట్టరాదు.

కందెన పెట్టుట

ముందుగా ఇంజనును ఆపి తాళపుచెవి తీయవలెను. యంత్రము క్రిందికి పోవలసిన యెడల దానిని పైకెత్తి, గట్టి దుంగలు ఊతగా నిలుపవలెను. లిఫ్టును మాత్రమే నమ్మరాదు. చుట్టుకొన్న దారములను కత్తితో కోసి తీసివేయవలెను. గ్రీజు నిప్పిలును గుడ్డతో తుడిచిన పిదపనే గన్ను తగిలింపవలెను. లేనిచో మట్టిని మన చేతులతోనే లోనికి పంపినవారమగుదుము.

ఎంత పెట్టవలెను? మెల్లగా తిరుగుచు మట్టిలో మునుగు బేరింగునకు క్రొత్త గ్రీజు అంచున కొంచెము కనబడువఱకు మెల్లగా పెట్టవచ్చును. అది లోని నీటిని, మట్టిని బయటికి త్రోయును. గన్ను బిగిసినచో బలవంతము చేయరాదు. నిప్పిలు మూసికొనెనేమో చూడవలెను, లేనిచో సీలు ఉబ్బి ఊడును. వేగముగా తిరుగు విద్యుత్తు మోటారు బేరింగు సంగతి వేఱు: దాని గదిలో మూడవవంతు మొదలు సగము వఱకే గ్రీజు చాలును. ఎక్కువైనచో చిలుకబడి వేడెక్కును. రెండువైపుల మూతగల బేరింగు కర్మాగారమునందే నింపబడినది; దానికి గ్రీజు అక్కఱలేదు.

పీటీవో దండపు క్రాసులను మఱువరాదు. వేర్వేఱు జాతుల గ్రీజులను కలుపరాదు. కలిపినచో కొన్ని పలుచబడి కాఱిపోవును. ఎన్ని గంటల కొకసారి పెట్టవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకము తెలుపును. దమ్ము చేయు దినములలో మాత్రము ప్రతి సాయంకాలము, పని ముగిసినంతనే పెట్టుట క్షేమము.

పరీక్షించుట

యంత్రము ఆగియున్నప్పుడు పీటీవో దండమును విప్పి, కత్తుల దండమును చేతితో త్రిప్పి చూడవలెను. గరగర తోచినను, పైకి క్రిందికి కదలినను, బేరింగును సీలును రెంటిని కలిపి మార్చవలెను. దండముపైకి ఎక్కించునప్పుడు లోపలి వలయమును, గూటిలో కూర్చునప్పుడు వెలుపలి వలయమును ఒత్తవలెను. సుత్తిదెబ్బ గుండ్లమీదుగా పోయినచో క్రొత్త బేరింగు తొలిదినముననే గుంటలుపడును. విఱిగిన కత్తులను వెంటనే మార్చవలెను. తూకము తప్పిన దండము అదరి బేరింగును చంపును.

సంఘపు యంత్రము

పదిమంది వాడు యంత్రమునకు ముందటివాడు గ్రీజు పెట్టియుండునని ప్రతివాడును తలంచును. కడకు ఎవ్వరును పెట్టరు. కావున యంత్రముతోపాటు ఒక చిన్న పుస్తకముంచి, తేదీ, నడచిన గంటలు, గ్రీజు పెట్టినవారి సంతకము వ్రాయవలెను. పుచ్చుకొనువాడు దానిని చూచియే పుచ్చుకొనవలెను. మృగశిర కార్తెలో వాన పడి నేల పదునైన దినములు కొన్నియే. అప్పుడు యంత్రము మూలబడిన, బేరింగు వెల యొక్కటే నష్టము కాదు, విత్తువేళయే తప్పును. తప్పిన అదను ఏ అంగడిలోను దొరకదు.