పంది మీదికి కుక్కను వదిలే ముందు

టెక్సస్‌లో తిరిగే అడవిపందులు ఆ నేలవి కావు. 1539లో స్పెయిన్ అన్వేషకుడు హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరంలో దించిన మందలు, తర్వాత వలస వచ్చినవాళ్లు ఊళ్ల చుట్టూ మేతకు వదిలేసిన ఇంటి పందులు, వేట సరదాకు 1930లలో తెచ్చిన యూరేషియా అడవిపందులు, అన్నీ కలగలిసి రాత్రికి రాత్రే మొక్కజొన్న చేను దున్నిపోయే జాతిగా తయారయ్యాయి. వాటి మీదికి కుక్కల్ని వదలడం అక్కడ పాత అలవాటు, చట్టం ఒప్పుకున్న పని కూడా. డాలస్, హ్యూస్టన్ శివార్లలో పొలం కొనుక్కున్న తెలుగువాళ్లలో కొందరికి పక్క రైతు కుక్కల్ని చూశాక తామూ ఒక కూనను పెంచాలనిపిస్తుంది. పెంచవచ్చు. కాకపోతే కోర దెబ్బ సంగతి చెప్పేవాళ్లు దొరికినంత తేలిగ్గా ఎండ సంగతి, రోగాల సంగతి, యజమాని పౌరుషం సంగతి చెప్పేవాళ్లు దొరకరు.

జత కట్టించేటప్పుడు

ఈ వేటలో కుక్కలు రెండు రకాలు. బే డాగ్ పందిని వెతికి, కాస్త ఎడంగా నిలబడి, మొరిగి మొరిగి దాన్ని కదలనివ్వదు. కటహూలా, బ్లాక్ మౌత్ కర్, ప్లాట్ హౌండ్ ఈ కోవవి. క్యాచ్ డాగ్‌ది పంది చెవి అందుకుని వదలకుండా పట్టే పని. దానికి అమెరికన్ బుల్‌డాగ్‌ను, డోగో అర్జెంటీనోను, వాటి సంకరాలను వాడతారు.

తెగువ ఒక్కటే చూసి జత కట్టించకండి. నా లెక్కలో పంది తిరగబడగానే పక్కకు తప్పుకుని మళ్లీ వచ్చి మొరిగే కుక్కే విత్తనానికి పనికొస్తుంది. ఒంటినిండా కుట్లున్న మగకుక్కను చూపించి గొప్ప చెప్పుకునేవాళ్లు తారసపడతారు. అన్ని కుట్లు ఎందుకు పడ్డాయో అడగండి.

ఒంటిమీద మచ్చలు చెదిరినట్టుండే మెర్ల్ రంగు కటహూలాలో మామూలు. ఆ రంగున్న రెండింటిని మాత్రం ఎప్పుడూ కలపకూడదు. రెండు వైపుల నుంచీ ఆ జన్యువు అందిన పిల్లలు చెవిటివిగానో గుడ్డివిగానో పుట్టే ప్రమాదం ఎక్కువ. తెల్లటి డోగోలలోనూ పుట్టుచెవుడు ఉంది, కాబట్టి పిల్లల వినికిడి పరీక్ష చేయించాకే అమ్మండి, కొనండి. పిలిస్తే వినపడని కుక్కను పంది ముందునుంచి వెనక్కి రప్పించలేరు. అమెరికన్ బుల్‌డాగ్‌లలో ఎన్‌సీఎల్ అనే నరాల జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. పిల్లలు బాగానే పెరిగి, వయసొచ్చాక నడక తూలడం మొదలవుతుంది. దీనికి జన్యు పరీక్ష ఉంది, తల్లిదండ్రులిద్దరికీ చేయించాలి. తుంటి ఎక్స్‌రేకు రెండేళ్లు నిండేదాకా ఆగండి. ఈలోపు ఎద వచ్చినా జత కట్టించవద్దు. జతకు ముందు ఆడ, మగ రెండింటికీ బ్రూసెల్లా బ్యాక్టీరియా కోసం రక్తపరీక్ష తప్పనిసరి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లినుంచి వేరు చేయకూడదు.

ఇంటి దగ్గర

టెక్సస్‌లో 2022 జనవరి 18 నుంచి ఎవరూ దగ్గర లేకుండా ఆరుబయట కుక్కను గొలుసుతో కట్టేయడం నేరం. నీడ, తాగే నీళ్లు, ఎండావానలకు గూడు ఉండి తీరాలి. వేటకుక్కకు మినహాయింపు ఉంటుందిలే అనుకుని పెరట్లో గొలుసేయకండి. రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలతో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించండి. పందులు పొర్లిన బురదనీళ్లలో ఆ రోగం ఉండవచ్చు. దోమలవల్ల వచ్చే గుండె పురుగులకు నెలనెలా మందు మానకూడదు. రెండు క్యాచ్ డాగ్‌లకు ఒకేచోట తిండి పెట్టకండి.

కూనను పెద్ద పంది ముందుకు తోసి ధైర్యం నేర్పాలనుకోవడం బుద్ధితక్కువ పని. పందెం కోసం, చూసేవాళ్ల కోసం కంచెలో పందినీ కుక్కనూ కొట్లాడించడం చాలా రాష్ట్రాల్లో నేరం. లూసియానాలోని విన్‌ఫీల్డ్‌లో ఏటా జరిగే అంకుల్ ఎర్ల్స్ అనే వేటకుక్కల పోటీల్లో కూడా పందిని మొరిగి నిలబెట్టే నేర్పుకే మార్కులు.

వేటకు వెళ్లినప్పుడు

2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో అడవిపంది వేటకు లైసెన్సు అక్కర్లేదు. భూమి యజమాని అనుమతి మాత్రం ఉండాలి. కుక్కకు కంచెలు తెలియవు కాబట్టి పక్క పొలాలవాళ్లతో కూడా ముందే మాట్లాడుకోండి. ప్రతి కుక్క మెడకూ జీపీఎస్ పట్టీ ఉండాలి. క్యాచ్ డాగ్‌కు కోర దిగని గట్టి గుడ్డతో కుట్టిన చొక్కా, వెడల్పాటి మెడపట్టీ తొడగండి. కుక్కలు పందిని పట్టుకుని ఉండగా తుపాకీ ఎత్తకూడదు. పట్టిన పందిని ప్రాణంతో వేరేచోటికి తోలుకుపోయి వదలడం చట్టవిరుద్ధం.

ఆ చొక్కా కోరను ఆపినట్టే ఒంటి వేడినీ ఆపేస్తుంది. వేసవిలో తెల్లవారకముందు గానీ రాత్రి గానీ వెళ్లండి, నీళ్లు మోసుకెళ్లండి. నాలుక వెడల్పుగా వేలాడేసి, చొంగ చిక్కబడి, అడుగు తూలుతోందంటే వేట ఆపేయాల్సిందే. ముందు చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి విసరండి, ఆ తర్వాతే బండెక్కించండి. తడిగుడ్డ కప్పి ఉంచకూడదు, దానికింద వేడి నిలిచిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38-39 డిగ్రీల సెల్సియస్. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

గాయాలు, పచ్చిమాంసం

కోర పోటు పైకి వేలెడంత కనిపించి లోపల జానెడు దిగి ఉంటుంది. పొలంలోనే స్టేప్లర్‌తో మూసేసి మొనగాళ్లమనుకునేవాళ్లున్నారు. మురికి లోపలే ఉండిపోయి మూడోనాటికి చీము పడుతుంది. శుభ్రమైన ఉప్పునీళ్లతో కడిగి, కట్టు కట్టి, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పేగు బయటికొస్తే లోపలికి నెట్టవద్దు, తడిపిన శుభ్రమైన గుడ్డ చుట్టి పరుగెత్తండి. మనం వేసుకునే ఐబూప్రొఫెన్, పారాసెటమాల్ కుక్కకు విషం.

అన్నిటికంటే భయపడాల్సింది సూడోరేబిస్‌కు. ఇది పందుల్లో ఉండే వైరస్. పందిని కరిచినా, పచ్చిమాంసం తిన్నా కుక్కకు అంటుతుంది. ముఖం చర్మం ఊడేలా గోక్కోవడం, చొంగ కార్చడం మొదలయ్యాక రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. మందు లేదు, అమెరికాలో కుక్కలకు టీకా కూడా లేదు. అందుకే వేట అయ్యాక పేగో కాలేయమో ‘కష్టపడింది పాపం’ అని విసిరే అలవాటు మానుకోవాలి. పందిని పట్టేటప్పటి ప్రమాదాన్ని పూర్తిగా తప్పించలేం, పచ్చిమాంసం పెట్టకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. ఈ వైరస్ మనుషులకు సోకడం చాలా అరుదు గానీ, పందుల్లో ఉండే బ్రూసెల్లా సూయిస్ అనే బ్యాక్టీరియా మాత్రం పంది కోసేవాడి చేతిగాటు గుండా ఒంట్లో చేరి నెలలపాటు జ్వరం, కీళ్లనొప్పులు తెస్తుంది. రబ్బరు తొడుగులు లేకుండా పంది కోయకండి.

టెక్సస్ పందివేట వీడియోలు చూసి తెలుగునాట ఉత్సాహపడేవాళ్లకు ఒక మాట. ఇక్కడ పంటను తవ్వి పోసే అడవిపంది కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, తరమడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం కూడా. ప్రభుత్వ అనుమతి లేకుండా కుక్కల్ని ఉసిగొల్పితే కేసు మీ మీదే. పొలం కాపలా కుక్క గట్టుమీద ఉండి మొరిగితే చాలు. రాత్రిపూట దాన్ని అడవి అంచుకు వదలకండి. పందుల కోసం ఎవరో కట్టిన కరెంటు తీగకో, ఎరలో పెట్టిన నాటుబాంబుకో ముందు చిక్కేది అదే.