అంతరిక్షపు ఓడలోని అంటు

1975వ సంవత్సరము జనవరి 25వ తేదీ శనివారమున ఇంగ్లండునందలి బి.బి.సి. వారు తమ టెలివిజనులో "ది ఆర్క్ ఇన్ స్పేస్" అను కథను ప్రారంభించిరి. 1963లో మొదలైన "డాక్టర్ హూ" అను సాహస కథామాలికలో నిది యొకటి. వారమున కొక భాగము చొప్పున నాలుగు భాగములుగా నడచి ఫిబ్రవరి 15వ తేదీన ముగిసెను. రచయిత రాబర్ట్ హోమ్స్. ఆర్క్ అనగా ఓడ. బైబిలు చదివిన విద్యార్థులకు నోవహు ఓడ వెంటనే జ్ఞప్తికి వచ్చును. రచయిత యుద్దేశమును అదియే.

ఈ కథలో ప్రళయము నీటివలన గాక సూర్యునివలన వచ్చును. సూర్యబింబమునుండి లేచు జ్వాలలు భూమిని మాడ్చివేయునని ముందుగా తెలిసికొని, భావికాలపు మనుష్యులు తమలో ఏరిన కొందరిని నెర్వా యను అంతరిక్ష నివాసమునకు చేర్చి, అరలలో పరుండబెట్టి, శీతల నిద్ర పుచ్చుదురు. భూమి మరల చల్లబడినపుడు వారు మేల్కొనవలెను. కాని మేల్కొలుపు యంత్రము పనిచేయలేదు. వేల యేండ్లు గడచిపోయెను. కాలమునందు సంచరించు డాక్టరును, అతని తోడివారైన సారాయు, నౌకాదళ వైద్యుడగు హ్యారీయు అచ్చటికి చేరునప్పటికి అందరును నిద్రలోనే యున్నారు. డ్యూన్ అను యంత్రజ్ఞుని అర మాత్రము ఖాళీగా నున్నది. ఒక అలమారలో మనిషియంత పురుగు కళేబరము దొరికినది.

అది విర్న్ అను జాతి పురుగులకు రాణి. ఎప్పుడో లోపలికి చొరబడి, మేల్కొలుపు యంత్రమును చెరచి, నిద్రించుచున్న డ్యూన్ శరీరములో గ్రుడ్లు పెట్టి చచ్చినది. గ్రుడ్లనుండి వెడలిన పిల్ల పురుగులు అతనిని తినివేసినవి. మాంసముతోపాటు అతని విద్యయు వాటి కబ్బినదట!

తరువాతి కథ యంతయు నోవా అను నాయకునిది. అతని అసలు పేరు లాజర్. నోవా యనుట తోడివారి పరిహాసము. అతడు మేల్కొని, యంత్రశాలను పరీక్షింప బోగా, అచ్చట దాగిన పిల్ల పురుగొకటి అతని చేతిని తాకును. కొంతసేపటికి ఆ చేయి పచ్చబడి ఉబ్బును. అతడు దానిని దాచుకొని తిరుగును. ఒకసారి, నిద్రించువారి నెవ్వరిని మేల్కొల్పరాదని ఆజ్ఞాపించును. ఆ మాట పురుగుది. మరియొకసారి, పెనుగులాడి తన మనస్సును తాను చేజిక్కించుకొని, అధికారమును వైద్యురాలగు వీరా కప్పగించి, జనులను త్వరగా భూమికి దింపుమనును. ఆ మాట అతనిది. వీరా అతనికి కాబోవు భార్య. ఒక్క నోటనుండి రెండు ప్రాణులు పలుకుచుండగా ఆమె వినవలసి వచ్చినది.

ఆ పచ్చని చేతిని దేనితో చేసిరో తెలిసినచో నవ్వు వచ్చును. సామానులు పగులకుండ చుట్టు బుడగల ప్లాస్టికు కాగితమునకు ఆకుపచ్చ రంగు పూసిరి. అయినను కెంటన్ మూర్ అను నటుడు దానివంక చూచు చూపువలన మనకు నవ్వు రాదు. తన్ను చంపుమని నోవా వీరాను వేడుకొను ఘట్టము మరీ భయంకరముగా నున్నదని నిర్మాత దానిని తీసివేయించెను.

రచయిత ఈ పురుగును ఏ నక్షత్రమునుండియు తేలేదు. అది మన వసారాలోనే యున్నది. గోడమూలను మట్టిగూడు కట్టు కందిరీగను చూడని విద్యార్థి యుండడు. అది పచ్చని గొంగళి పురుగును పట్టి, ముల్లుతో పొడిచి, చంపక, కదలకుండ మాత్రము చేసి, గ్రుడ్డు పెట్టిన గూటిలో నుంచి, ద్వారమును మట్టితో మూయును. పిల్ల పుట్టునప్పటికి ఆహారము క్రుళ్లక సిద్ధముగా నుండును. వేరొక తెగ కందిరీగలు బ్రదికియున్న పురుగు శరీరములోనే గ్రుడ్లు పెట్టును. నెర్వాలోని డ్యూన్ గతి సరిగా ఇదియే.

మన పెద్దలు ఈ గూటినే చూచి భ్రమర కీట న్యాయమని చెప్పిరి. భ్రమరము పురుగును తెచ్చి గూటిలో పెట్టి దానిచుట్టు ఝుంకారము చేయుననియు, పురుగు భయముచేత భ్రమరమునే తలంచుచు తానును భ్రమరమగుననియు వారి మాట. దానిని కట్టుకథ యని త్రోసివేయుట న్యాయము గాదు. లోనికి పోయినది పురుగు, వెలికి వచ్చినది రెక్కల యీగ. ఇది కంటితో చూచిన సంగతియే. నడుమ మూసిన మట్టిలోపల జరిగినది మాత్రము వారికి కనబడలేదు: పురుగు ఈగ కాలేదు, ఈగ పిల్లకు ఆహారమైనది. చిత్రమేమనగా, ఈ టెలివిజను కథలో రెండును గలవు. డ్యూన్ గూటిలోని పురుగు. నోవా న్యాయములోని కీటము. మొదటిది ప్రకృతిలో నిత్యము జరుగును. రెండవది ఎన్నడును జరుగదు. తాకినంతమాత్రమున ఒక జాతి ప్రాణి మరియొక జాతి ప్రాణి కాజాలదు.

తిన్న మాంసముతో విద్య యబ్బుట మాటయో? 1960 ప్రాంతమున అమెరికాలో జేమ్స్ మెక్కానెల్ అను శాస్త్రజ్ఞుడు, శిక్షణ నిచ్చిన పురుగులను ముక్కలుచేసి ఇతర పురుగులకు తినిపించి, ఆ శిక్షణ వాటికి సంక్రమించినదని ప్రకటించెను. ఇతరులు చేసి చూడగా అది నిలువలేదు. మేక మెదడు తిన్నవానికి ఆకులపై ప్రీతి కలుగునా?

ఇక అసలు ప్రశ్న. అన్యలోకపు ప్రాణి మనకు అంటుకొనగలదా? అంటునకు చుట్టరికము కావలెను. పొగాకు ఆకులపై మచ్చలు పుట్టించు వైరసు ఆ ఆకులను కోయు కూలివాని చేతికి నిత్యము తగులును. అతనికి జబ్బు చేయదు. చెరకు తోటలలో మన రైతులు ట్రైకోగ్రామా యను సన్నని కందిరీగలున్న అట్టలను కట్టుదురు. అవి తొలుచు పురుగుల గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి వాటిని నశింపజేయును. రైతునకు గాని, ఎద్దునకు గాని వాటివలన హాని లేదు. పిచ్చికుక్క కాటు మనకు ప్రమాదమగుటకు కుక్కయు మనుష్యుడును పాలిచ్చి పెంచు జాతులగుట యొక కారణము. వేరొక సూర్యుని క్రింద పుట్టిన పురుగునకు మన రక్తముతో నేమి చుట్టరికము?

కాని ఈ వాదమును పూర్తిగా నమ్మి నిద్రపోరాదు. ధనుర్వాతపు సూక్ష్మజీవి మట్టిలోను పేడలోను బ్రదుకును. దానికి మనుష్యునితో పని లేదు. అయినను గాయములో పడినచో దాని విషము ప్రాణము తీయును. మనలను ఎరుగనిది సయితము మనలను చంపవచ్చును.

అందువలననే 1969 జూలైలో చంద్రునికి పోయి వచ్చిన అపోలో 11 యాత్రికులు ముగ్గురిని, చంద్రుని విడిచిన నాటినుండి 21 దినములు వేరుగా నుంచిరి. చంద్రుని మన్నును ఎలుకలకును, చేపలకును, తుదకు బొద్దింకలకును తగిలించి చూచిరి. ఏ హానియు కనబడలేదు. 1971లో అపోలో 14 తరువాత ఆ కట్టుబాటును విడిచిరి. ఈ జాగ్రత్తలో నొక పెద్ద రంధ్రమున్నది. యాత్రికుల గుళిక సముద్రమున పడగానే దాని తలుపు తెరచి రక్షక వస్త్రములను లోపలి కందించిరి! లోపలి గాలి అప్పుడే బయటికి పోయినది. చంద్రునిలో నిజముగా నేదైన నుండినచో పసిఫిక్ మహాసముద్రమునకు ముందే చేరియుండును.

అంటు రెండువైపుల నడచునది. ఈ కథ వచ్చిన 1975లోనే అమెరికా వారు అంగారకునికి వైకింగ్ నౌకలను రెంటిని పంపిరి. అందు నేలపై దిగు భాగములను, నీరు మరుగు వేడిమిని మించిన వేడిమిలో అనేక గంటలు కాల్చి మరీ పంపిరి. మన సూక్ష్మజీవులు అచ్చటికి పోరాదని వారి భయము. 1967 నాటి అంతరిక్ష ఒడంబడికయు ఉభయ లోకములను కాపాడుమనియే చెప్పుచున్నది. రాబర్ట్ హోమ్స్ ఈ సంగతిని మరువలేదు. విర్న్‌లు ఓడమీదికి వచ్చినది ఊరక కాదు. పూర్వము మనుష్యులు ఆండ్రొమీడాకు పోయి, వాటి పిల్లలు పెరుగు తావుల నాక్రమించి, వాటిని వెడలగొట్టిరట. వాటి దృష్టిలో అంటు మనమే.

కథ యెట్లు ముగిసినదో చెప్పి విడుతును. సారా ఇరుకైన గొట్టములో ప్రాకి విద్యుత్తు తీగను లాగి తెచ్చుటచే నిద్రించువారు రక్షింపబడుదురు. విర్న్‌లు వెనుకకు తగ్గి, భూమికి దింపు నౌకలోనికి గుంపుగా పోవును. వాటికి ముందు నడచువాడు నోవా. అప్పటికి అతనియందు మనిషి రూపు ఏమియు మిగులలేదు. నౌక బయలుదేరునపుడు స్థిరముగా నుంచవలసిన యంత్రమును అతడు సవరింపకయే విడుచును. అది మరపు కాదని వీరా యెరుగును. ఆమెకు వీడ్కోలు చెప్పు మాట యొకటి వినబడును. అంతలో నౌక ఆకాశమున పేలిపోవును.