సెంట్రల్ లైన్ తీశాక ప్రాణం మీదికొస్తే

ఐసీయూలో ఉన్నవారికి, డయాలసిస్ అవసరమైనవారికి మెడ దగ్గరి పెద్ద సిరలోకి పైపు వేస్తారు. దాన్నే సెంట్రల్ లైన్ అంటారు. వేసే ముందు ఇంటివాళ్ల చేత సంతకాలు పెట్టించుకుంటారు. తీసేటప్పుడు మాత్రం అదంతా చిన్న పనిలా జరిగిపోతుంది. ప్రమాదం అక్కడా ఉంది.

మనిషి కూర్చుని గాలి పీల్చినప్పుడు ఆ సిరలో పీడనం బయటి గాలి కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో పైపు లాగితే రంధ్రం గుండా గాలి చొరబడి గుండెకు, ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇదే ఎయిర్ ఎంబాలిజం. ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది, బీపీ పడిపోతుంది, స్పృహ తప్పుతుంది, ఒక్కోసారి పక్షవాతం కూడా వస్తుంది. అందుకే రోగిని పడుకోబెట్టి, వీలైతే తల కిందికి వాల్చి, ఊపిరి బిగపట్టించి పైపు తీయాలి. వెంటనే గట్టిగా ఒత్తిపట్టి, గాలి చొరని పట్టీ వేసి, అరగంటైనా పడుకోబెట్టాలి. వీటిలో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు. ఆసుపత్రిలో ఇలాంటిది జరిగితే దాని చికిత్సకు అదనపు సొమ్ము చెల్లించకూడదన్న నియమాన్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2008 అక్టోబరు నుంచే అమలు చేస్తోంది.

గడ్చిరోలి జిల్లా ఆష్టి, సిరొంచ వైపు మనవాళ్లు పెద్ద జబ్బు చేస్తే చంద్రపూర్, నాగపూర్ పోతారు, లేదా నది దాటి మంచిర్యాల, వరంగల్, హైదరాబాద్ పోతారు. కీడు జరిగాక అంత దూరం కోర్టుకు ఎవరు తిరుగుతారని ఊరుకుంటారు. ఆ అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా గడ్చిరోలి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు.

అన్నిటికంటే ముందు కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. కేస్ షీట్, నర్సుల నోట్స్ పూర్తిగా రాతపూర్వకంగా అడిగి, అడిగినట్టు రసీదు తీసుకోండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. పైపు ఎన్ని గంటలకు, ఎవరు తీశారు, రోగి కూర్చున్నాడా పడుకున్నాడా, ఆయాసం ఎప్పుడు మొదలైంది అన్నవి వాటిలో వెతకండి. రాయకపోతే ఆ లోపాన్నీ కమిషన్ ముందు పెట్టండి.

నిపుణుడి సాక్ష్యం లేకుంటే కేసు నిలవదని చాలామంది భయపెడతారు. హైదరాబాద్‌కు చెందిన కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు 2010లో ఆ మాట కొట్టేసింది. ఆయన భార్యకు మలేరియా ఉంటే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు తోసిపుచ్చాయి. సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని నిలబెట్టింది, ప్రతి కేసులో నిపుణుడు అక్కర్లేదంది. అయినా ఎయిర్ ఎంబాలిజం సాంకేతిక విషయం. మరో డాక్టరు రాసిచ్చే అభిప్రాయం దొరికితే వదులుకోవద్దు. చికిత్స వికటించిన ప్రతిసారీ నిర్లక్ష్యమే కాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానా మీద వినియోగదారుల కేసు చెల్లదు. గడ్చిరోలి, చంద్రపూర్, నాగపూర్ దవాఖానా అయితే బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్‌లో రిట్ వేయవచ్చు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేయండి, దానికంటే ముందు ఆ కేస్ షీట్ అడగండి.